ఇద్దరి కొలతకు ఒక సైకిల్

నా మొదటి రోడ్ బైకు కొలత కోసం షాపువాడు మా ఆయన్ని ప్రశ్నలడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాల ఎదురుగా ఉండే పెద్ద సైకిల్ షాపు అది. లోపల ఏసీ, తెల్లటి నేల, గోడకు వేలాడదీసిన ఫ్రేములు. కొనబోయేది నేనేనని ముందురోజు ఫోన్లో చెప్పాను. అయినా ఆ సేల్స్‌మన్ నా ముఖం వంక ఒకసారి, నా చెప్పుల వంక ఒకసారి చూసి, ఆ రెంటికీ మధ్య ఉన్న మనిషిని వదిలేసి మా ఆయన వైపు తిరిగాడు.

"సార్, మేడమ్ హైట్ ఎంతుంటది?"

మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నా ఎత్తు తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఐదూ రెండో, ఐదూ మూడో ఉంటుందని, బీరువా తలుపులోంచి పడుతుందా లేదా అని ఆలోచించేవాడిలా చెప్పాడు. ఐదడుగుల ఒక అంగుళం అని నేను సరిదిద్దాను. సేల్స్‌మన్ తలూపి, ఐదూ మూడు అని రాసుకున్నాడు.

రోడ్ బైకు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మామూలు సైకిల్ మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. దీని మీద ముందుకు వంగి, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్ పట్టుకుని తొక్కాలి. తేలిగ్గా ఉంటుంది, సన్నటి టైర్లు, వేగంగా పోతుంది. మనిషి ఒంటికి పట్టినట్టుగా ఫ్రేము ఉండాలి కాబట్టి వీటిని సైజుల వారీగా చేస్తారు. కాలు లోపలి వైపు పొడవు ఎంతో, నడుము నుంచి భుజం ఎంతో, చెయ్యి ఎంతో చూసుకుని ఫ్రేము ఎంచుకోవాలి. కాలు లోపలి వైపు కొలవడమంటే తొడల మధ్య నుంచి మడమ దాకా టేపు పట్టడం. ఏసీ షాపులో పదిమంది చూస్తుండగా ఒక ఆడమనిషికి ఆ కొలత తీసే సేల్స్‌మన్ ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. అతనికి సిగ్గు. సిగ్గుపడి ఊరుకుంటే బాగుండేది, కొలవకుండానే అమ్మడానికి తయారయ్యాడు.

నలభై నాలుగేళ్ళకు సైకిలేమిటని అడగనివాళ్ళు లేరు. షుగర్ వచ్చిందనుకున్నారు. నాకు షుగర్ లేదు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి. హయత్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ బస్సులో వెళ్ళి బస్సులో వస్తాను. గుంటూరు జిల్లాలో మా ఊరి మట్టిరోడ్డు మీద ఎనిమిదో తరగతి దాకా సైకిల్ తొక్కాను. ఆ తర్వాత ఇంట్లో ఆపించారు. మళ్ళీ తొక్కాలని ఉంది, వేగంగా తొక్కాలని ఉంది. దీనికి డాక్టరు చీటీ ఎందుకో నాకు అర్థం కాదు. నేను నిజంగా తొక్కితే సరే. తొక్కలేకపోతే ఆ సైకిల్ మా ఎల్బీనగర్ ఫ్లాటు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకునే స్టాండు అవుతుంది. మేం ముందే చెప్పాం కదా అనే మాట చచ్చేదాకా వింటూ బతకాలి. ఆ రెండింటిలో ఏదవుతుందన్నదే నా భయమంతా.

షాపుకు మాతో మూడో మనిషి కూడా వచ్చారు. మా చర్చి సంఘ పెద్ద. మా సంఘంలో ఫ్రిజ్ కొనాలన్నా, పిల్లని చూడాలన్నా, కిరాయి ఇల్లు మారాలన్నా ఆయన్ని వెంట తీసుకెళ్తారు. ఏదో ఆఫీసులో లెక్కల విభాగంలో రిటైరయ్యారు. ప్రతి విషయంలోనూ దేవుడికంటే ఒక అడుగు ముందే తీర్పు చెప్పేస్తారు. బైబిల్ వాక్యం ఆయనకు చాలానే నోటికి వచ్చు. ఎక్కడ మొదలవుతుందో తెలుసు, ఎందుకు చెప్పారో తెలియదు. ఆదివారం ఆయన చదువుతుంటే, తను దిగబోయే స్టాపు కాకపోయినా బస్సులో కండక్టరు పేర్లు అరిచినట్టే ఉంటుంది నాకు.

ఆయన గోడ మీది సైజుల పట్టిక చూసి, జేబులోంచి పెన్ను తీశారు.

"సిస్టర్‌ది ఐదూ ఒకటి. బ్రదర్‌ది ఐదూ తొమ్మిది. కలిపి సగం చేస్తే ఐదూ ఐదు. ఇంటికి ఒకటే సైకిల్ కదమ్మా, ఇద్దరికీ పనికిరావాలి."

ఐదూ ఐదుకి పట్టికలో యాభై రెండు సైజు. నా కొలతకు నలభై ఏడో నలభై ఎనిమిదో కావాలి. సేల్స్‌మన్ ముఖం వెలిగింది. యాభై రెండు షాపులోనే ఉంది, నలభై ఏడు తెప్పించాలి. చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే రేటని, చిన్నది తీసుకుంటే మనకే నష్టమని, సీటు పూర్తిగా దించేస్తే మేడమ్‌కి కాలు అందుతుందని అతను ఏకబిగిన చెప్పుకుపోయాడు. ఒకే రేటు అన్న మాటతో మా ఆయన పని అయిపోయింది. మా ఇళ్ళల్లో స్కూలు బూట్లు రెండు సైజులు పెద్దవి కొని, మునివేళ్ళ దగ్గర దూది కుక్కి పంపిస్తారు. అదే డబ్బుకి ఎక్కువ తోలు వచ్చిందని సంతోషం. ఆ తోలు పిల్లవాడి మడమను కొరుక్కుతినడం ఎవరికీ పట్టదు. నాది పెరిగే వయసు కాదు. అయినా నాకూ అదే న్యాయం.

ఇక్కడ నేను దాచకూడనిది ఒకటుంది. సగటు అనే పాఠం నేను ఏటా ఏడో తరగతికి చెబుతాను. సగటు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చెప్పడానికి ఒక పీరియడ్ మొత్తం కేటాయిస్తాను. మా ఆయన చెప్పుల నంబరు తొమ్మిది, నాది ఐదు, ఇద్దరం ఏడో నంబరు చెప్పులు వేసుకుని తిరుగుదామా అని ఆ పెద్దమనిషిని అడగాల్సింది. అడగలేదు. సంఘ పెద్ద ముందు గొంతు ఎత్తకూడదని చిన్నప్పుడు నేర్పిన అణకువ అది. దానికి అణకువ అని పేరు పెట్టింది నేనే. నిజానికి అది బద్ధకం. ఎదురు చెబితే తర్వాత నెలరోజుల పాటు వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే ఓపిక లేక నోరు మూసుకున్నాను.

శనివారం సైకిల్ ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రమే కాలనీలో ఒక చుట్టు తిరిగాను. ఆగిన ప్రతిచోటా, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పై కడ్డీ కిందనుంచి తగిలింది. రోడ్ బైకు ఆపాలంటే సీటు మీంచి ముందుకు దిగి, కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడాలి. నేను మునివేళ్ళ మీద నిలబడ్డాను. హ్యాండిల్ అందడానికి నడుము సాగదీసి, మోచేతులు బిగించి, ఎత్తు మీదున్న ఆవకాయ జాడీ అందుకోబోతున్నట్టు తొక్కాను. సరిపోలేదని ఆ ఒక్క చుట్టుతోనే తెలిసింది.

మర్నాడు ఆదివారం ప్రతిష్ఠ.

మా సంఘంలో ఎవరు ఏ బండి కొన్నా ముందు చర్చి ఆవరణలోకి తెచ్చి ప్రార్థన చేయించాలి. ఆటో అయినా అంతే, కారయినా అంతే. ఆరాధన అయ్యాక అందరూ చుట్టూ నిలబడతారు. పాస్టరు అయ్యగారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. కొన్నవాళ్ళు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు. చివర్లో సంఘ పెద్ద తన సంచిలోంచి స్టికర్ తీసి అతికిస్తారు. మా అయ్యగారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన చిన్నగా, సూటిగా, తొక్కేవాళ్ళ ప్రాణం కాపాడమని ప్రార్థించారు. అది అడగదగినదే. స్టికర్ల సంగతి వేరు. కీర్తనల్లోని ఒక మాట, ఎరుపు మీద పసుపు అక్షరాలు, ఊళ్ళో సగం కార్ల వెనక ఉండేదే. దాన్ని పెద్దగారు నా సైకిల్ పై కడ్డీ మీద, సరిగ్గా ఆగినప్పుడల్లా నాకు తగిలే చోట, బొటనవేలితో రుద్ది రుద్ది అతికించారు. నేను కూర్చునే చోటికి అంత దగ్గరలో వాక్యం పెట్టకూడదని ఆయనకు తోచలేదు. ఆడమనిషి కూర్చుంటుందన్న ఊహే ఆయన లెక్కలో లేదు.

తర్వాత నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నాకు తగినది ఇచ్చాడని చెప్పాను. అది అబద్ధం. ముందురోజు సాయంత్రమే అది నాకు తగదని తెలిసి, దేవుని మందిరంలో నిలబడి, ఆయన పేరు పెట్టి చెప్పిన అబద్ధం. ఈ కథలో నేను ఎవరిని తక్కువ చేసి రాసినా, ఆ వరసలో నన్ను మొదట నిలబెట్టుకున్నానని గుర్తుంచుకోవాలి.

సోమవారం నుంచి పొద్దున్నే సాగర్ రోడ్డు మీద తొక్కడం మొదలుపెట్టాను. స్కూలుకు వెళ్ళేలోపు గంట సమయం దొరుకుతుంది. ఆ రోడ్డు మీద తిరిగే సైక్లింగ్ గ్రూపు ఒకటుంది. నలభై, యాభై ఏళ్ళ మగవాళ్ళు, పొట్టల మీద బిగుతు బనీన్లు, తలకు హెల్మెట్లు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరి, ఫ్రేము సైజు తప్పయితే ఏం చేయాలని అడిగాను. వాళ్ళలో ఒకాయన ఎనిమిది లింకులు పంపాడు, ఎనిమిదీ ఇంగ్లీషులో, ఎనిమిదీ ఒకదానికొకటి పొసగనివి. ఇంకొకాయన సీటు దించమన్నాడు. సీటు అప్పటికే నేల చూస్తోంది. మరొకాయన ఆదివారం ఆరుగంటలకు రమ్మని, తామంతా కలిసి చూస్తామని రాశాడు. ఆదివారం ఆరాధనకు వెళ్తానంటే నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. వాళ్ళ దగ్గరా ఒక మతముంది. దానికీ పెద్దలున్నారు, వాళ్ళకూ వస్తువులే వాక్యం. చక్రాల ధర గురించి వాళ్ళు మాట్లాడుకునేంత భక్తిగా మా సంఘంలో కూడా ఎవరూ మాట్లాడరు.

బుధవారం సాయంత్రం పాటల ప్రాక్టీసులో అసలు సంగతి బయటపడింది. చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు మీటను తాకుతున్నాయని కంటితో చూస్తేనే తెలిసింది, వేళ్ళకు తెలియలేదు. తిమ్మిరి. హ్యాండిల్ దూరమై, ఒంటి బరువంతా అరచేతుల మీద పడి, మూడు పొద్దులకే నరం నొక్కుకుపోయింది. పాట మధ్యలో ఆగిపోయాను. పెద్దగారు అక్కడే ఉన్నారు. సైకిల్ పెద్దదయిందని, మార్చుకోవాలని అప్పుడే అందరి ముందూ చెప్పాను.

"ప్రార్థన చేసిన వస్తువమ్మా అది. సైజు సంగతి ఆయనే చూసుకుంటాడు," అన్నారు ఆయన, తన మాటలోకి దేవుణ్ణే ఇరికించి.

లేఖనాలు నేను చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. చిన్న పిల్లలకు చెబుతున్నాను. ఎండిపోయిన చెయ్యి బాగుపడటం చదివాను. తప్పు కొలత సైకిల్‌కి అందేటట్టు ఎవరి చెయ్యయినా పొడుగు కావడం ఎక్కడా చదవలేదు. గొర్రెలు కాసే కుర్రవాడికి, యుద్ధానికి పంపుతూ రాజు తన కవచం తొడిగించిన పాఠం ప్రతి వేసవిలో పిల్లలకు చెబుతాను. అట్టతో కవచం చేసి, చిన్నవాడికి తొడిగి నడవమంటాను, వాడు తూలిపోతాడు, అందరూ నవ్వుతారు. వాడు దాన్ని విప్పేసి తనకు అలవాటైనదే తీసుకున్నాడు, అది అవిశ్వాసం కాదు, అదే విశ్వాసం అని ముగిస్తాను. పదిహేనేళ్ళుగా చెబుతున్నాను. నాకు తొడిగించినప్పుడు మాత్రం సాక్ష్యం చెప్పి కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఫోన్లో షాపు నిబంధనలు చదివాను. వారం లోపు మార్చుకోవచ్చు. గీతలు పడకూడదు, ఫ్రేము మీద ఏమీ అతికించి ఉండకూడదు. శనివారంతో వారం అయిపోతుంది. మా ఆయన సోఫాలో కూర్చుని, కొన్నాళ్ళకు అలవాటవుతుందన్నాడు. ఆయన ఇంతవరకూ ఆ సైకిల్ ఎక్కలేదు. ఇద్దరికీ పనికొచ్చేలా కొన్న దానిమీద రెండో మనిషి ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఈసారి వెళ్తే సరైన కొలత నా చేతిలో ఉండాలనుకున్నాను. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య అట్ట పుస్తకం పైకి నొక్కిపెట్టి, దాని అంచు గోడ మీద గీసుకోమని ఆ లింకుల్లో ఒకటి చెప్పింది. మా ఇంట్లో అంత గట్టి అట్ట ఉన్నది ఒక్క పరిశుద్ధ గ్రంథానికే. దాని జోలికి వెళ్ళలేదు. పాత నిఘంటువుతో ప్రయత్నించాను. పుస్తకం పట్టుకుంటే పెన్సిల్ అందదు, పెన్సిల్ అందితే పుస్తకం జారుతుంది. మా ఆయన్ని పిలిస్తే వచ్చి, చూసి, నవ్వి వెళ్ళిపోయాడు.

గురువారం స్కూలు నుంచి వస్తూ కొత్తపేటలో దిగాను. రైతుబజారు వెనక సందులో సగం షట్టరంత కొట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నాకంటే ఐదారేళ్ళు చిన్నది. నా జాకెట్లు, చుడీదార్లు పన్నెండేళ్ళుగా ఆమే కుడుతోంది. కాలు కొలత తియ్యాలన్నాను, ఎందుకో చెప్పాను. ఆమె మిషను తొక్కుతూనే వింది.

"షాపుల నీ కాలు ఎవరు కొలిచిర్రక్కా?"

ఎవరూ కొలవలేదన్నాను.

"మరి ఎట్లిచ్చిర్రు?"

మా ఆయన పొడుగూ నా పొడుగూ కలిపి సగం చేశారని చెప్పాను. మిషను ఆగింది. ఆమె తలెత్తి నా వంక చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని చూసినట్టుంది. కాదని తెలిశాక చేతిలోని గుడ్డ ఒళ్ళో పడేసుకుంది.

"అయితే నీ జాకెట్టు, మీ సారు అంగీ కలిపి సగం జేసి ఒకటే కుట్టనా అక్కా? ఇద్దరు వంతులేస్కొని తొడుక్కోండ్రి."

వారం రోజుల్లో ఈ విషయం మీద నేను విన్న మొదటి తెలివైన మాట అది. తెర లాగి, నన్ను గోడకు నిలబెట్టి, రెండు నిమిషాల్లో కొలిచింది. కాలు ఇరవై ఎనిమిది అంగుళాలు. అడగకుండానే భుజం నుంచి మణికట్టు దాకా, మెడ కింద నుంచి నడుము దాకా కూడా కొలిచింది. సీటు దించితే సరిపోతుందని షాపులో అన్నారని చెప్పాను. అప్పుడామె చెప్పిన మాట ఆ ఎనిమిది లింకుల్లోనూ లేదు.

"కాలు పొడుగైతే మడతేసి కుడ్త, ఎవ్వలకు తెల్వది. భుజం ఎక్కువైతే ఏం జేస్త? మొత్తం ఇప్పాలె. గా సీటు మా మడత లెక్క. చెయ్యి అందకపోవుడు భుజం లెక్క. దాన్ని ఇప్పనీకి రాదు, మార్చుడే."

చదువుకున్నవాళ్ళం, వాక్యం తెలిసినవాళ్ళం, వాట్సాప్‌లో సైకిల్ శాస్త్రం తెలిసినవాళ్ళం, ఇంతమందిమి ఉండి, కొలవాల్సిన మనిషిని కొలవాలన్న ఒక్క ముక్క మాలో ఎవరికీ తట్టలేదు. ఆమెకు తట్టడంలో గొప్పేమీ లేదు. కొలవకుండా కుడితే ఆమె కొట్టు మూతపడుతుంది. మాకు ఏమీ మూతపడదు, అందుకే మేం అంత ధైర్యంగా ఉంటాం. శనివారం షాపుకు తోడు వస్తావా అని అడిగాను. పొద్దున గిరాకీ ఉండదు, వస్తానంది.

శుక్రవారం సాయంత్రం స్టికర్ తీయడానికి కూర్చున్నాను. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి పెట్టి, అంచు కింద గోరు దూర్చి నెమ్మదిగా లాగాను. మధ్యలో చినిగింది. పసుపు అక్షరాల్లో సగం నా చేతిలో, సగం కడ్డీ మీద. అప్పుడు మా ఆయన గదిలోకి వచ్చాడు. ఆయన ముఖంలో ఆ వారంలో మొదటిసారి నిజమైన భయం చూశాను. నా వేళ్ళ తిమ్మిరి గురించి విన్నప్పుడు అది లేదు.

"వాక్యం పీకుతున్నావా? ఎల్లుండి పెద్దగారు అడిగితే ఏం చెప్తావు?"

"కొలిపించుకున్నానని చెప్తాను."

నా మనసులో బెరుకు లేదని రాస్తే మళ్ళీ అబద్ధ సాక్ష్యం చెప్పినట్టే అవుతుంది. స్టికర్ మీది మాట నేను చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో నేర్చుకున్నది. మిగిలిన సగం తీస్తున్నంతసేపూ దాన్ని పైకి చదువుకుంటూనే తీశాను. కడ్డీ మీంచి పోయింది, నా నోట్లో ఉంది. వాక్యాన్ని జిగురుతో నిలబెట్టాలనుకునేవాళ్ళకు నోటితో పనిలేదు. ముక్కలు మడిచి పొయ్యి మీద కాల్చాను, చెత్తబుట్టలో వెయ్యలేదు. జిగురు మరకను కొబ్బరినూనెతో తుడిచినా, వేలు పెడితే ఇంకా అంటుకుంటూనే ఉంది.

శనివారం పొద్దున నేను సైకిల్ నడిపించుకుంటూ, కుట్టే ఆవిడ మెడలో టేపుతో పక్కన నడుస్తూ, కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. అదే సేల్స్‌మన్. నన్ను చూసి, నా వెనక ద్వారం వైపు చూసి, సార్ రాలేదా మేడమ్ అని అడిగాడు.

"సారుతోని నీకేం పని? సారొచ్చి తొక్కుతడా?" అంది ఆవిడ. అతను జవాబు వెతుక్కునేలోపే వరసగా నిలబెట్టిన ఫ్రేముల దగ్గర గొంతుకూర్చుని, టేపుతో కొలవడం మొదలుపెట్టింది. ఒక్కోదాని కడ్డీ నేల నుంచి ఎంత ఎత్తుందో, సీటు నుంచి హ్యాండిల్ ఎంత దూరముందో కొలిచి, నా వంక చూసి, కాదంటూ తలూపి పక్కదానికి జరిగింది. షాపులో మిగిలిన గిరాకీలు కూడా చూడసాగారు. పిల్లకు సైకిల్ కొనడానికొచ్చిన ఒక తల్లి దగ్గరికొచ్చి, తన పిల్లను కూడా కొలవమని ఆమెనడిగింది. సేల్స్‌మన్‌కి చెమట పట్టింది.

నా కొలతల కాగితం చూపించి నలభై ఏడు కావాలన్నాను. అతను పాత సైకిల్ చక్రాలు, రంగు, గీతలు చూసుకుంటూ వచ్చి, పై కడ్డీ మీద వేలితో రాసి ఆగాడు. ఇక్కడ ఏదో అంటించి తీసినట్టుందన్నాడు. కంపెనీవాళ్ళే అంటించి ఉంటారని చెప్పవచ్చు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ సైకిల్ మీద ఒక అబద్ధం అప్పటికే ఉంది, రెండోది వద్దనుకున్నాను. మా చర్చిలో వాక్యం స్టికర్ అతికించారని, మార్చుకోవడానికి నేనే పీకేశానని చెప్పాను. రూలు ప్రకారం ఇక మార్చరని, ఆ సైకిల్ తువ్వాళ్ళ స్టాండు అయిపోయినట్టేనని అనుకున్నాను.

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"దేవుని స్టికరా మేడమ్? దానికెందుకు పరేషాన్ అయిండ్రు, ఉంచాల్సింది. మా రూలు గా కార్టూన్ స్టికర్లకు."

అతని బల్ల మీద అగరుబత్తి వెలుగుతోంది. అతని దేవుడు వేరు. నా దేవుని మాట అంటించి ఉంటే అడ్డు చెప్పేవాడు కాదట, నేను తీసేసినందుకే నొచ్చుకున్నాడు. రంపంలాంటి నిబంధనను ఒక స్టికర్ ముందు ఇంత మెత్తబరచగలిగిన మనిషి, నన్ను కొలవమంటే మాత్రం కొలవలేకపోయాడు. ఈ ఊళ్ళో దేవుడి పేరు చెబితే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. మనిషి కాలెంతో అడిగితే మాత్రం అందరూ నేల చూస్తారు. అతను సంతకం చేసి, నలభై ఏడు గోదాము నుంచి బుధవారానికి వస్తుందని కాగితం రాసిచ్చాడు. బయటికొచ్చాక ఆవిడ టేపు చుట్టుకుంటూ, గీ షాపోడు జాకెట్లు కుడితే ఊరంతా బోసిగా తిరగాలె అంది.

ఆదివారం చర్చి మెట్ల దగ్గరే పెద్దగారు సైకిల్ ఏదని అడిగారు. వాపసిచ్చానని, స్టికర్ నేనే తీశానని చెప్పాను. ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయారు. ప్రకటనలప్పుడు, తృప్తి అనే వరం లేని కొందరి కోసం సంఘమంతా ప్రార్థన చేయాలని కోరారు. పేరు చెప్పలేదు. చెప్పకుండానే అన్ని తలలూ కీబోర్డు వైపు తిరిగాయి. అయ్యగారు ఆ ప్రార్థన ఎత్తుకోలేదు, తరవాతి పాట నంబరు చెప్పారు. వాయించాను. వేళ్ళకు తిమ్మిరి అప్పటికే తగ్గింది. మా ఆయన మగవాళ్ళ వైపు నాలుగో వరసలో పాటల పుస్తకంలోకి తల దూర్చుకుని కూర్చున్నాడు, తనకు తెలియని ఆడమనిషెవరో వాయిస్తున్నట్టు.

బుధవారం కొత్తది వచ్చింది. ఆగి, ముందుకు దిగి, కడ్డీకి అటూ ఇటూ నిలబడి చూశాను. పాదాలు రెండూ నేల మీద, మడమలతో సహా. కడ్డీకీ నాకూ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. మా ఆయన బాల్కనీలోంచి చూస్తూ ఉన్నాడు, తర్వాత కిందికి దిగొచ్చాడు. ఒకసారి తొక్కి చూస్తానన్నాడు. ఇచ్చాను. నాలుగు తొక్కులు తొక్కేసరికి మోకాళ్ళు పోయి హ్యాండిల్‌కి కొట్టుకున్నాయి. అపార్ట్‌మెంటు గేటు పట్టుకుని దిగాడు.

"ఇది నాకు పనికిరాదు కదా," అన్నాడు, మోకాలు రుద్దుకుంటూ.

"పనికిరాదు," అన్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాకా వెళ్ళాను. మోచేతులు కాస్త వంగి, అరచేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి. టిఫిన్ బండ్ల దగ్గర పొయ్యిలు అప్పుడే వెలిగిస్తున్నారు. ఆ సైక్లింగ్ గ్రూపులోని ఎనిమిది లింకుల మనిషి రోడ్డు పక్కన టీ తాగుతూ చెయ్యి ఊపాడు. ఆగలేదు. తిరుగు దారిలో పాట పాడుకున్నాను, ఊపిరి అందినంత వరకూ పాడాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన లేచి, వంటింట్లో పాలగిన్నె కోసం అరలన్నీ తెరిచి చూస్తున్నాడు. ఎక్కడుందని అడిగాడు. వెతకమని చెప్పి, స్నానానికి వెళ్ళాను.